సముద్రం దాటే విమానం ఎంత దూరం వెళ్తుంది, ఎన్ని గంటలు పడుతుంది? టికెట్ చేతిలో పెట్టుకొని లెక్కించే పద్ధతి

"మాస్టారూ, మా అబ్బాయి సింగపూర్‌లో పొద్దున తొమ్మిదింబావుకు విమానం ఎక్కి, అదే రోజు పొద్దున తొమ్మిదింబావుకు అమెరికాలో దిగుతాడని టికెట్ మీద ఉంది. అచ్చుతప్పా?"

బరంపురంలో మా వీధిలో ఉండే ఒక తల్లి నన్ను ఈ ప్రశ్న అడిగారు. అది అచ్చుతప్పు కాదు. ఆ అబ్బాయి 15 గంటలు గాలిలోనే ఉంటాడు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఇలాంటి టికెట్ లేని ఇల్లు తక్కువ. ఒకరి బిడ్డ మలేషియాలో ఉంటే మరొకరి అల్లుడు ఖతర్‌లో ఉంటాడు, ఇంకొకరి మనవరాలు చదువుకోవడానికి కాలిఫోర్నియా వెళ్తుంది. అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత దూరం? ఎన్ని గంటలు? గణితం చెప్పుకొన్నవాణ్ని కాబట్టి నన్ను అడుగుతారు. ప్రతిసారీ కాగితం మీద వేసి చూపించే లెక్కనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. పదో తరగతి గణితం గుర్తుంటే చాలు. గుర్తు లేకపోయినా ఫోనులోని క్యాలిక్యులేటర్ సాయంతో చేయవచ్చు.

ఇంటర్నెట్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే జవాబు వస్తుంది కదా అని కొందరంటారు. వస్తుంది. ఒకచోట మైళ్లలో, ఒకచోట కిలోమీటర్లలో, మరొకచోట మధ్యలో ఆగే సమయం కలుపుకొని వస్తుంది. వాటిలో ఏది మనకు కావలసిందో తెలియాలంటే లెక్క ఒక్కసారైనా మన చేత్తో చేసి ఉండాలి.

కావలసినవి

- టికెట్, లేదా అందులోని వివరాలు: ఎక్కే విమానాశ్రయం, దిగే విమానాశ్రయం, తేదీలు, సమయాలు.
- సైన్, కాస్ గుర్తులున్న క్యాలిక్యులేటర్. చాలా ఫోన్లలో క్యాలిక్యులేటర్ తెరిచి ఫోనును అడ్డంగా తిప్పితే ఆ గుర్తులు కనిపిస్తాయి.
- ఒక నోటు పుస్తకం, పెన్సిలు.
- దొరికితే బడిలో ఉండే గ్లోబు, ఒక దారం. తప్పనిసరి కాదు కానీ పిల్లలకు చూపించడానికి దీనికి మించినది లేదు.

1. విమానాశ్రయం ఏదో ఖాయం చేసుకోండి

ఊరి పేరు చూసి ఆగవద్దు. టికెట్ మీద మూడు ఇంగ్లీషు అక్షరాల గుర్తు ఉంటుంది. విశాఖపట్నానికి వీటీజెడ్, భువనేశ్వర్‌కు బీబీఐ, సింగపూర్‌కు ఎస్ఐఎన్, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎస్ఎఫ్ఓ. లెక్కకు ఆ గుర్తే ఆధారం. ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉండటం కొత్త కాదు. సిడ్నీ ఆస్ట్రేలియాలో ఉంది, కెనడాలోని నోవా స్కోషియాలోనూ ఉంది. హైదరాబాద్ మనకు ఉంది, పాకిస్థాన్‌కూ ఉంది. విశాఖ విషయంలో భోగాపురం కొత్త విమానాశ్రయం సంగతి కూడా ఉంది కనుక, ప్రయాణం దగ్గరపడినప్పుడు ఎక్కడికి వెళ్లాలో టికెట్ మీద మరోసారి చూసుకోండి.

2. అక్షాంశం, రేఖాంశం రాసుకోండి

ఫోనులోని మ్యాపులో విమానాశ్రయం మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మనవాళ్లకు ఎక్కువగా అవసరమయ్యేవి ఇవి:

- విశాఖపట్నం: 17.72 ఉత్తరం, 83.22 తూర్పు
- భువనేశ్వర్: 20.24 ఉత్తరం, 85.82 తూర్పు
- సింగపూర్: 1.36 ఉత్తరం, 103.99 తూర్పు
- దుబాయ్: 25.25 ఉత్తరం, 55.36 తూర్పు
- శాన్‌ఫ్రాన్సిస్కో: 37.62 ఉత్తరం, 122.38 పడమర

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, కొన్ని పుస్తకాల్లో 17 డిగ్రీల 43 నిమిషాలు అని ఉంటుంది. దాన్ని 17.43 అని రాసేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 43ను 60తో భాగించాలి. అప్పుడు 17.72 వస్తుంది.

రెండోది పడమర గుర్తు మరచిపోవడం. పడమర రేఖాంశానికి ముందు మైనస్ తప్పక ఉండాలి. శాన్‌ఫ్రాన్సిస్కో మైనస్ 122.38. ఆ గుర్తు మరిచి లెక్క వేస్తే సింగపూర్ నుంచి దూరం 4,450 కిలోమీటర్లే వస్తుంది. మైనస్ లేని ఆ చోటు ఎక్కడుందో మ్యాపులో వెతికి చూడండి. చైనాలోని షాన్‌డాంగ్ తీరం పక్కన సముద్రంలో ఉంటుంది. అంటే పసిఫిక్ మహాసముద్రం మొదలుకాకముందే మన లెక్క ఆగిపోయిందన్నమాట.

3. దగ్గరి దూరాలకు సులువైన లెక్క

బంగాళాఖాతం అవతలికి వెళ్లే ప్రయాణాలకు పైథాగరస్ సూత్రమే చాలు. మన తాతల కాలంలో గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కు ఓడలు నడిచేవి. గంజాం పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు కూలికి, కొలువుకు ఆ ఓడల్లోనే వెళ్లాయి. మొదటి లెక్కకు ఆ దారినే తీసుకుందాం. ఓడ బర్మాలోని ఐరావతి నది డెల్టాను చుట్టి వెళ్లాలి కనుక దానికి దూరం ఎక్కువ. మనం కొలిచేది పక్షి ఎగిరే దూరం.

గోపాల్‌పూర్ 19.26 ఉత్తరం, 84.90 తూర్పు. రంగూన్ విమానాశ్రయం 16.91 ఉత్తరం, 96.13 తూర్పు.

- అక్షాంశాల తేడా 2.35. ఒక డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 261 కి.మీ.
- రేఖాంశాల తేడా 11.23. దీన్ని కూడా 111.2తో గుణించండి. అయితే భూమధ్యరేఖ నుంచి పైకి వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి. అందుకని రెండు అక్షాంశాల సగటు (18.09) తీసుకుని, దాని కాస్ విలువతో (0.9506) మరోసారి గుణించాలి. 1,187 కి.మీ. వస్తుంది.
- రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీయండి. 1,215 కి.మీ.

ఇదే పద్ధతిలో విశాఖ నుంచి సింగపూర్‌కు వేస్తే 2,915 కి.మీ. వస్తుంది. భూమి గుండ్రదనాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకుంటే 2,908 కి.మీ. ఏడు కిలోమీటర్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. విశాఖ దక్షిణాన ఉంది కనుక సింగపూర్‌కు అదే దగ్గర అని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే భువనేశ్వర్ నుంచి సింగపూర్ 2,882 కి.మీ., అంటే పాతిక కిలోమీటర్లు తక్కువే. భువనేశ్వర్ విశాఖకు ఉత్తరాన ఉన్నా, అంతే తూర్పుకు కూడా జరిగి ఉంది. కాబట్టి ఆకాశంలో దూరం చూసి విమానాశ్రయం ఎంచుకోవద్దు. నేల మీద దూరమే చూడండి. రైల్లో బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 166 కి.మీ., విశాఖ సుమారు 277 కి.మీ. అదే రాయగడ, కొరాపుట్, పర్లాకిమిడి వాళ్లకు విశాఖే దగ్గర.

4. మహాసముద్రం దాటితే పూర్తి సూత్రం

పైథాగరస్ లెక్కను పసిఫిక్ మీద వాడకండి. సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆ పద్ధతిలో 14,580 కి.మీ. వస్తుంది. అసలు దూరం 13,580. వెయ్యి కిలోమీటర్ల తప్పు అంటే గంటకు పైగా తేడా. భూమి బల్లపరుపుగా ఉన్నట్టు లెక్క వేశాం కాబట్టే ఈ తప్పు.

సరైన సూత్రం ఇది:

కాస్(కోణం) = సైన్(అక్షాంశం 1) × సైన్(అక్షాంశం 2) + కాస్(అక్షాంశం 1) × కాస్(అక్షాంశం 2) × కాస్(రేఖాంశాల తేడా)

కోణం డిగ్రీల్లో వచ్చాక దాన్ని 111.2తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఎందుకు వస్తాయన్న సిద్ధాంతం ఇక్కడ చెప్పను. లెక్క మాత్రం పూర్తిగా వేసి చూపిస్తాను.

మొదలుపెట్టేముందు క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోండి. సైన్ 30 నొక్కండి. 0.5 వస్తే సరిగా ఉన్నట్టు. మైనస్ 0.988 వస్తే అది రేడియన్లలో ఉంది, మార్చుకోండి. నా దగ్గరకు వచ్చే తప్పు లెక్కల్లో సగానికి కారణం ఇదే. అంకెలన్నీ సరిగానే ఉంటాయి, జవాబు మాత్రం పొంతన లేకుండా వస్తుంది. ఎక్కడ తప్పిందో తెలియక పిల్లలు గంటలు గంటలు వెతుక్కుంటారు.

సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు:

- రేఖాంశాల తేడా: 103.99 నుంచి మైనస్ 122.38 తీసివేస్తే 226.37. ఇది 180 దాటింది కనుక 360 నుంచి తీసేయండి, 133.63 వస్తుంది. కాస్ విలువ రెండింటికీ ఒకటే, మైనస్ 0.6900. అయినా 180 లోపు అంకె రాసుకోవడం అలవాటు చేసుకోండి. భూమి చుట్టూ ఏ వైపు నుంచి వెళ్తున్నామో కంటికి కనిపిస్తుంది.
- సైన్ 1.36 (0.0237) × సైన్ 37.62 (0.6104) = 0.0145
- కాస్ 1.36 (0.9997) × కాస్ 37.62 (0.7921) × మైనస్ 0.6900 = మైనస్ 0.5464
- రెండూ కలిపితే మైనస్ 0.5319
- దీనికి విలోమ కాస్ నొక్కండి. క్యాలిక్యులేటర్‌లో కాస్ పైన చిన్న మైనస్ 1 ఉన్న గుర్తు అదే. 122.13 డిగ్రీలు.
- 122.13 × 111.2 = 13,580 కి.మీ.

మొత్తం జవాబు ఎప్పుడూ 20,015 కి.మీ. దాటకూడదు. భూమి చుట్టుకొలతలో సగం అంతే. అంతకు మించి వచ్చిందంటే లెక్కలో తప్పు దొర్లిందన్నమాటే.

దారంతో సరిచూడాలంటే 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు తీసుకోండి. దాని మీద ఒక సెంటీమీటరు దాదాపు 425 కి.మీ.కు సమానం. సింగపూర్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దారాన్ని బిగుతుగా లాగి పట్టి, తర్వాత స్కేలు మీద కొలిస్తే 32 సెంటీమీటర్లు ఉంటుంది. దారం ఎటు వెళ్లిందో కూడా గమనించండి. గోడ మీది మ్యాపులో పసిఫిక్ మధ్యలోంచి సూటిగా గీత గీయాలనిపిస్తుంది. గ్లోబు మీద దారం జపాన్ దక్షిణ తీరానికి దగ్గరగా పోయి, 47 డిగ్రీల ఉత్తరం దాకా ఎక్కి, మళ్లీ కిందికి దిగుతుంది. బయలుదేరే ఊరు 1 డిగ్రీ మీద, చేరే ఊరు 37 డిగ్రీల మీద ఉన్నా దగ్గరి దారి అంత ఎత్తుకు వెళ్తుంది. పిల్లలు దీన్ని తమ చేత్తో చూసినప్పుడు వాళ్ల కళ్లలో వెలుగు చూడాలి. ఈ లెక్క చెప్పడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

మైళ్లలో జవాబు వచ్చిన చోట ఏ మైలో చూసుకోండి. మామూలు మైలు 1.609 కి.మీ. విమానాలూ ఓడలూ వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ.

5. దూరం నుంచి గంటలు

పెద్ద విమానాలకు సరిపోయే అంచనా ఇది: దూరాన్ని 850తో భాగించండి, వచ్చిన గంటలకు 40 నిమిషాలు కలపండి. ఆ 40 నిమిషాలు నేల మీద కదలడానికి, పైకి లేవడానికి, దిగడానికి. టికెట్ మీద ఉండే సమయం విమానం తన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అవతల తన చోటులో ఆగేవరకు.

విశాఖ నుంచి సింగపూర్: 2,908 ÷ 850 = 3.42 గంటలు. ఇది 3 గంటల 42 నిమిషాలు కాదు! 0.42ను 60తో గుణిస్తే 25 నిమిషాలు. 40 కలిపితే 4 గంటల 5 నిమిషాలు.

సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: 13,580 ÷ 850 అంటే దాదాపు 16 గంటలు. 40 నిమిషాలు కలిపితే 16 గంటల 40 నిమిషాలు. కానీ ఆ అబ్బాయి టికెట్ 15 గంటలే అంటోంది. తిరుగు ప్రయాణానికి 17 గంటలు పడుతుంది. ఈ తేడా గాలి వల్ల. భూమధ్యరేఖకు దూరంగా, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. తూర్పుకు వెళ్లే విమానాన్ని అది నెడుతుంది, పడమరకు వెళ్లేదాన్ని ఆపుతుంది. లండన్, న్యూయార్క్‌ల మధ్య దూరం 5,540 కి.మీ. న్యూయార్క్ వెళ్లేటప్పుడు దాదాపు 8 గంటలు, వచ్చేటప్పుడు దాదాపు 7 గంటలు.

గాలి ఎంత బలమైనదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ మీదుగా నడిపింది. దారి దాదాపు 15,300 కి.మీ., పాత దారి కంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే త్వరగా. దూరం ఎక్కువైతే సమయం ఎక్కువవుతుందని ఖాయంగా అనుకోవద్దని నేను చెప్పేది అందుకే.

ప్రత్యామ్నాయంగా, టికెట్‌లో వెళ్లే సమయం, వచ్చే సమయం రెండూ ఉంటే వాటి సగటు తీసుకోండి. గాలి ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. 15, 17ల సగటు 16. మన అంచనాకు దగ్గరే ఉంది.

దేశాల మధ్య తగవుల వల్ల కూడా దారి పెరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో అంచనా కంటే గంటా రెండు గంటలు ఎక్కువ పట్టినా లెక్క తప్పని అనుకోవద్దు.

6. టికెట్ సమయాలన్నీ భారత సమయంలోకి మార్చండి

నన్ను అడిగే ప్రశ్నల్లో పదింట తొమ్మిది ఇక్కడే తేలిపోతాయి. టికెట్ మీద ప్రతి సమయమూ ఆయా ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. రెండు వేర్వేరు గడియారాల సమయాలను ఒకదానిలోంచి ఒకటి తీసేయకూడదు. ముందు రెండింటినీ మన గడియారంలోకి తెచ్చుకోవాలి.

మనకంటే ముందుండే దేశాలు (వాళ్ల సమయంలోంచి తీసేయాలి): మయన్మార్ 1 గంట, థాయ్‌లాండ్ గంటన్నర, సింగపూర్, మలేషియా రెండున్నర గంటలు, జపాన్ మూడున్నర గంటలు.

మనకంటే వెనకుండే దేశాలు (వాళ్ల సమయానికి కలపాలి): దుబాయ్, ఒమాన్ గంటన్నర, సౌదీ, ఖతర్, కువైట్, బహ్రెయిన్ రెండున్నర గంటలు.

సింగపూర్‌కూ ఖతర్‌కూ తేడా రెండున్నరే. కానీ ఒకటి తూర్పున, ఒకటి పడమరన. ఇక్కడ కలపడానికి బదులు తీసేస్తే ఐదు గంటల తప్పు వస్తుంది.

అమెరికా, ఇంగ్లండ్‌లలో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు వేసవి సమయం. అప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, న్యూయార్క్ తొమ్మిదిన్నర గంటలు వెనక. మిగతా నెలల్లో ఒక్కో గంట కలపండి. లండన్‌లో మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు నాలుగున్నర గంటలు, తర్వాత ఐదున్నర. గల్ఫ్, సింగపూర్, మలేషియాలలో ఈ గొడవ లేదు.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రయాణం చూద్దాం.

విశాఖలో జులై 10 రాత్రి 11:10కి ఎక్కుతాడు. సింగపూర్‌లో 11వ తేదీ ఉదయం 5:50కి దిగుతాడు. ఉన్నది ఉన్నట్టు తీసేస్తే 6 గంటల 40 నిమిషాలు. తప్పు. 5:50లోంచి రెండున్నర గంటలు తీసేస్తే మన గడియారంలో తెల్లవారుజామున 3:20. అసలు సమయం 4 గంటల 10 నిమిషాలు. అదే విమానం సింగపూర్‌లో రాత్రి 8:40కి బయలుదేరి విశాఖలో 10:20కి దిగితే గంటా నలభై నిమిషాలే అనిపిస్తుంది. అదీ 4 గంటల 10 నిమిషాలే.

సింగపూర్‌లో 11వ తేదీ ఉదయం 9:15కి ఎక్కుతాడు: మన గడియారంలో 6:45. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే 11వ తేదీ ఉదయం 9:15కి దిగుతాడు: పన్నెండున్నర కలిపితే మన గడియారంలో 11వ తేదీ రాత్రి 9:45. తేడా 15 గంటలు. పసిఫిక్‌లో తేదీ రేఖ దాటడం వల్ల అక్కడ అదే రోజు మళ్లీ మొదలవుతుంది. ఆ తల్లి అచ్చుతప్పు అనుకున్నది దీన్నే.

తిరిగి వచ్చేటప్పుడు దీనికి వ్యతిరేకం. అక్కడ జులై 10 రాత్రి 10కి ఎక్కితే సింగపూర్‌లో 12వ తేదీ ఉదయం 6కి దిగుతారు. టికెట్ మీద సమయం పక్కన చిన్నగా ప్లస్ 2 అని ఉంటుంది. రెండు రోజుల ప్రయాణం అని కంగారు పడవద్దు. 17 గంటలే.

అర్ధరాత్రి విమానాల దగ్గర మరీ జాగ్రత్త. 14వ తేదీ 00:40 అంటే 13వ తేదీ రాత్రి పడుకునే వేళ దాటాక వచ్చేది. 14వ తేదీ రాత్రి కాదు. మా తమ్ముడు మొదటిసారి సెలవు మీద విదేశం నుంచి వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం ఆ తేదీని రాత్రి అనే అర్థం చేసుకున్నాం. 14 మధ్యాహ్నం బండి మాట్లాడుకుంటూ ఉంటే, తెల్లవారుజాము నుంచి విమానాశ్రయం బయట పెట్టెల మీద కూర్చుని ఉన్నానని వాడి ఫోను వచ్చింది. మూడేళ్ల తర్వాత ఇంటికి వస్తున్న మనిషి అన్ని గంటలు ఒంటరిగా కూర్చున్నాడు. అప్పటి నుంచి నేను ఎవరి టికెట్ చూసినా తేదీ పక్కన "ఏ రాత్రి" అన్నది పెన్సిలుతో రాసి ఇస్తాను. మీరూ రాసుకోండి.

7. రెండు లెక్కలనూ ఒకదానితో ఒకటి సరిచూడండి

5వ మెట్టులో దూరం నుంచి వచ్చిన గంటలు, 6వ మెట్టులో టికెట్ నుంచి వచ్చిన గంటలు మన దగ్గరున్నాయి. దూరాన్ని టికెట్ గంటలతో భాగించండి.

విశాఖ–సింగపూర్: 2,908ను 4.17తో భాగిస్తే గంటకు సుమారు 700 కి.మీ. మూడు నుంచి ఐదు గంటల ప్రయాణాలకు 650 నుంచి 750 మధ్య రావడం మామూలే. ఎక్కి దిగే సమయం అందులో పెద్ద వాటా కాబట్టి తక్కువగా వస్తుంది.

సింగపూర్–శాన్‌ఫ్రాన్సిస్కో: వెళ్లేటప్పుడు 905, వచ్చేటప్పుడు 800. సుదూర ప్రయాణాలకు 800 నుంచి 920 వరకు సరైనదే.

400 వచ్చిందా? ఎక్కడో మధ్యలో ఆగే సమయం కూడా కలిపేశారు, లేదా గంటలు తీసేయాల్సిన చోట కలిపారు. 1,200 దాటిందా? అయితే గంటలు కలపాల్సిన చోట తీసేశారు, లేదా తేదీ ఒక రోజు తప్పింది. ప్రయాణికుల విమానాలేవీ ఇప్పుడు అంత వేగంగా వెళ్లవు.

మీరే ఒకటి చేసి చూడండి: భువనేశ్వర్ నుంచి దుబాయ్. దూరం 3,166 కి.మీ. రావాలి, సమయం అంచనా 4 గంటల 23 నిమిషాలు. పడమర దిక్కు కనుక టికెట్ మీద ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

8. ఇంటి నుంచి మొదలుపెట్టి మొత్తం లెక్క

విమానం గంటలు మాత్రమే చూసి, "19 గంటల్లో అమెరికా" అని చెప్పుకోవడం వల్ల ఇంట్లోవాళ్లు అనవసరంగా ఆందోళన పడతారు. ఆ అబ్బాయి లెక్క మొత్తం మన గడియారంలో ఇలా ఉంటుంది:

- మధ్యాహ్నం 12:30కి బరంపురంలో ఇంటి నుంచి బయలుదేరాలి. రైలుకు నాలుగైదు గంటలు, విశాఖ స్టేషను నుంచి విమానాశ్రయానికి ఒక గంట, రైలు ఆలస్యమైతే అని రెండు గంటలు. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు, అంటే రాత్రి 8:10కి అక్కడ ఉండాలి. రైలు ఆలస్యానికి పెట్టుకున్న ఆ రెండు గంటలను తగ్గించవద్దు.
- రాత్రి 11:10 నుంచి 3:20 వరకు మొదటి విమానం.
- 6:45 వరకు సింగపూర్‌లో నిరీక్షణ, 3 గంటల 25 నిమిషాలు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే ఇది చాలు. విడివిడిగా కొన్న టికెట్లయితే సామాను తీసుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు, ఆ దేశంలోకి ప్రవేశించే అనుమతి కూడా అవసరం కావచ్చు. అలాంటప్పుడు ఈ వ్యవధి చాలదు. ఒకే టికెట్ తీసుకోండి, కొంచెం ఖరీదైనా సరే.
- 6:45 నుంచి రాత్రి 9:45 వరకు రెండో విమానం.
- దిగాక పాస్‌పోర్టు తనిఖీ, సామాను: గంటన్నర. రాత్రి 11:15.

మొత్తం 34 గంటల 45 నిమిషాలు. అందులో విమానంలో ఉన్నది 19 గంటల 10 నిమిషాలు. ఎగిరిన దూరం 2,908, 13,580 కలిపితే 16,490 కి.మీ.కు దగ్గర. విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 4వ మెట్టు సూత్రంతో సూటిగా వేస్తే 13,300. సింగపూర్ మీదుగా వెళ్లడం వల్ల దాదాపు 3,200 కి.మీ. ఎక్కువ. అయినా ఇటునుంచి వెళ్తే గాలి వెనక నుంచి నెడుతుంది కాబట్టి ఆ దారి చెడ్డదేమీ కాదు.

ఈ కాగితం చూశాక ఆ తల్లి అడిగిన చివరి ప్రశ్న: "ఫోను ఎప్పుడు చేయమంటారు?" 11వ తేదీ రాత్రి 11:15 దాటాక అని రాసి ఇచ్చాను. కింద ఇంకో వాక్యం చేర్చాను: డిసెంబరులో వస్తే పన్నెండున్నర కాదు, పదమూడున్నర గంటలు.